బ్రేకు ప్యాడ్లు చూసి వేసిన మార్కులు: హైదరాబాద్ నుంచి బండి మీద వెళ్లే ఘాట్ రోడ్లు

కొండ రోడ్లకి అందరూ వ్యూ పాయింట్ చూసి మార్కులు వేస్తారు. నేను బ్రేకు ప్యాడ్లు చూసి వేస్తాను. చంపాపేటలో నాది టూవీలర్ మెకానిక్ షాపు. శని, ఆదివారాల్లో కుర్రాళ్లు ఎటు వెళ్లొచ్చారో, సోమవారం షట్టర్ ఎత్తాక వాళ్లు నోరు విప్పకముందే తెలిసిపోతుంది. ముందు డిస్కు మీద నీలం మరకలు పడ్డాయంటే శ్రీశైలం దిగుడు. క్లచ్ ప్లేట్లు మాడిన వాసన వస్తుంటే లంబసింగి. గేర్ లివర్ వంగి, హ్యాండిల్ చివర గీసుకుపోయి ఉంటే మారేడుమిల్లి వానలో జారిపడ్డారన్నమాట. అనంతగిరి వెళ్లొచ్చిన బండికి ఏమీ కాదు, సైలెన్సర్‌కి చిప్స్ ప్యాకెట్ కరిగి అతుక్కుని ఉంటుందంతే.

ఇన్ని బండ్లు బాగుచేసి, నేనూ ఆ దారుల్లో తిరిగాక నాకొక లెక్క కుదిరింది. మంచి ఘాట్ అంటే బాగా ఎత్తయినదీ కాదు, బాగా పచ్చగా ఉండేదీ కాదు. మలుపు మోసం చేయనిది. కొన్ని మలుపులు మొదట్లో విశాలంగా కనిపిస్తాయి, బండి వాల్చి సగం తిరిగాక ముడుచుకుపోతాయి. అప్పుడు ఎవరైనా చేసేది ఒకటే, భయపడి బ్రేకు నొక్కడం. వాలి ఉన్న బండికి ముందు బ్రేకు గట్టిగా పడితే అది నిటారుగా లేస్తుంది, ఎదురు లైన్లోకి పోతుంది, లేదంటే టైరు జారుతుంది. మంచి మలుపు ఎంత తిరగాలో మొదట్లోనే చెప్పేస్తుంది. దానికి తగ్గ గేర్ వేసుకుని లోపలికి వెళ్తాం, బ్రేకుతో పని పడదు.

నా బండి పాత యూనికార్న్ 150. కార్బురేటర్‌ది. ముందు డిస్కు, వెనక డ్రమ్ము, ఐదు గేర్లు. కాబట్టి ఈ మార్కులన్నీ మామూలు బండికి వేసినవి. నాలుగు లక్షల బండి ఉన్నవాళ్లు తలా ఒక మార్కు కలుపుకోండి, స్కూటర్ల వాళ్లు రెండు తీసేయండి. స్కూటర్ల సంగతి కింద చెప్తాను.

ముందు శ్రీశైలం. హైదరాబాద్‌లో బండి కొన్న ప్రతివాడి మొదటి ఘాట్ అదే కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తున్నా. దూరం రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. ఔటర్ రింగు రోడ్డు మెయిన్ లైన్ల మీదికి టూవీలర్లని రానివ్వరు కదా, మా వైపు నుంచి అయితే చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్, తుక్కుగూడ మీదుగా వెళ్లడమే. కడ్తాల్ దగ్గర మైసిగండి మైసమ్మ గుడి వస్తుంది. కొత్త బండ్లకి పూజ చేయించేవాళ్లతో ఆదివారం అక్కడ సందడే వేరు. నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, ఆ వెంటనే హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకుని వెళ్లేవాళ్లని చూశాను. అమ్మవారు ఒక్కతే ఎంతని చూసుకుంటుంది!

ఆమన్‌గల్, వెల్దండ, డిండి దాకా చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. చలికాలంలో డిండి చెరువు దగ్గర మంచు కమ్మేస్తుంది, అంతే. హాజీపూర్ చౌరస్తా దాటాక చిన్న ఎక్కుడు ఎక్కితే మన్ననూర్ చెక్‌పోస్టు. ఇక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసేస్తారు. నగరంలో రెండింటికి లేచి ఐదుకే ఇక్కడికొచ్చి వరసలో నిలబడేవాళ్లు బోలెడుమంది. ఆరుకి గేటు ఎత్తగానే కార్లన్నీ ఒక్కసారి ముందుకి తోసుకుంటాయి. మీరు వాటితో పోకండి. బండి పక్కన పెట్టి టీ తాగండి, కావాలంటే రెండో టీ తాగండి. ఆ గుంపు దాటిపోయాక అడవి రోడ్డు ఖాళీగా దొరుకుతుంది. ఈ ఒక్క పనికే ఆ దారి విలువ రెట్టింపవుతుంది.

మన్ననూర్ నుంచి ఫరహాబాద్, వటవర్లపల్లి మీదుగా దోమలపెంట దాకా ఉన్నది అసలు ఘాటే కాదు. మెల్లగా లేస్తూ దిగుతూ పోయే రెండు లైన్ల అడవి రోడ్డు, మధ్యలో డివైడర్ లేదు. వేగం తగ్గించమని బోర్డులు, స్పీడ్ బ్రేకర్లు. ఎండాకాలం వెళ్తే చెట్లు మోడులై ఉంటాయి, ఫొటోలు చూసి వచ్చినవాళ్లు మోసపోయామంటారు. ఆగస్టు నుంచి నవంబరు దాకా వెళ్లండి. ఈ ముక్కలో ప్రమాదం మలుపులతో కాదు, కోతులతో. కార్లలోంచి అరటిపళ్లు, బిస్కెట్లు విసిరి విసిరి వాటికి రోడ్డు మీదే కూర్చోవడం అలవాటు చేశారు. కారు ఆగిన చోట కోతులుంటాయి, కోతులున్న చోట ఇంకో కారు ఆగుతుంది. బండి మీద మనం వాటి మధ్యలోంచి వెళ్లాలి. పిల్ల కోతి ఒకటి రోడ్డు దాటితే తల్లి దాని వెనకే వస్తుంది, కాబట్టి మొదటిది దాటగానే యాక్సిలరేటర్ తిప్పొద్దు. అది పుణ్యం అనుకుని తిండి పెట్టేవాళ్లకి చెప్పేదేమీ లేదు. వాళ్లు కారులో ఉంటారు, పడేది మనం.

వటవర్లపల్లి దగ్గర నుంచి ఎనిమిది కిలోమీటర్లు లోపలికి వెళ్తే మల్లెలతీర్థం. మూడు వందలకు పైగా మెట్లు దిగాలి. వానలు పడ్డాక అయితే ఆ మెట్లకి న్యాయం జరుగుతుంది, మార్చిలో అయితే మోకాళ్ల నొప్పులే మిగులుతాయి. రైడింగ్ బూట్లతో దిగొద్దు.

అసలు కథ దోమలపెంట, ఈగలపెంట దాటాక మొదలవుతుంది. 2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలినప్పుడు టీవీల్లో రోజూ వినిపించిన దోమలపెంట ఇదే. అక్కడి నుంచి రోడ్డు కృష్ణ లోయలోకి దిగుతుంది. ఒక పక్క తొలిచిన రాతి గోడ, ఇంకో పక్క పిట్టగోడ, దాని అవతల ఏమీ లేదు. ఈ మలుపులు నాకెందుకు నచ్చుతాయంటే, పిట్టగోడ మనకంటే ముందు తిరుగుతూ కనిపిస్తుంది. గోడ ఎంత వంగితే మలుపు అంత. మధ్యలో ముడుచుకోదు. మూడో గేర్లో పెట్టి యాక్సిలరేటర్ వదిలేస్తే యూనికార్న్ దానంతట అదే గుర్రుమంటూ దిగుతుంది. హెయిర్‌పిన్ వస్తే రెండో గేర్. కింద డ్యామ్ దగ్గరికి చేరాక నేను డిస్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను. వెచ్చగా ఉంటుంది తప్ప కాలదు. అదే నా పరీక్ష.

ఇక్కడ మీకు ఎదురయ్యే గట్టి పోటీదారు ఆర్టీసీ బస్సు. హెయిర్‌పిన్‌లో దానికి రోడ్డు మొత్తం కావాలి, ఆ డ్రైవర్ తప్పేం లేదు. హారన్ వినిపించగానే ఎడమకి ఒదిగి ఆగిపోతే ఆయన చెయ్యెత్తి మరీ వెళ్తాడు. ఎదురుగా కొండ ఎక్కే బండికి దిగేవాళ్లు దారివ్వాలన్న జ్ఞానం కూడా ఆ ఆర్టీసీ డ్రైవర్లకే ఉంది. వీకెండ్ కార్లకి లేదు.

కింద శ్రీశైలం డ్యామ్. పన్నెండు గేట్లు. నీటిమట్టం నిండా 885 అడుగులు. ప్రతి వానాకాలం పేపర్లో ఆ అంకె దగ్గరికి రాగానే నా షాపులో బండ్ల సర్వీసింగ్‌కి వరస పెరుగుతుంది, గేట్లు ఎత్తుతారని. గేట్లు ఎత్తిన రోజు దృశ్యం గురించి నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది రోడ్డు గురించి. తుంపర గాలికి ఎగిరి రోడ్డు తడిసి ఉంటుంది, డ్యామ్ కింది వంతెన దగ్గర కార్లు రెండు పక్కలా ఆపేసి ఉంటాయి, సెల్ఫీల కోసం జనం వెనక్కి నడుస్తుంటారు. ఒక్కోసారి కొండ పైదాకా ట్రాఫిక్ జామ్. ఆ వారం వద్దు. నీళ్లు కావాలంటే మంగళవారమో బుధవారమో సెలవు పెట్టుకుని వెళ్లండి. వంతెన దాటి సున్నిపెంట ఎక్కే ముక్క దిగుడంత బాగుంటుంది, కానీ ఆ జామ్‌లో హాఫ్ క్లచ్ మీద ఎక్కితే ప్లేట్లు పోతాయి. పక్కన ఆపి ఇంజిన్ చల్లారనివ్వండి.

పైకి చేరాక సాక్షి గణపతి దగ్గర హాజరు వేయించుకోవడం, మల్లన్న దర్శనం మీ ఇష్టం. మార్కులు: మామూలు రోజు 10కి 8, గేట్లు ఎత్తిన ఆదివారం 4, కార్తీక సోమవారం ముందు రోజు సున్నా.

శ్రీశైలం ఇంత మంచి రోడ్డయితే మరి నా షాపుకి ఆ నీలం డిస్కులు ఎందుకొస్తున్నాయని మీరు అడగొచ్చు. ఒక తమ్ముడితో జరిగిన మాటలు రాస్తాను.

"అన్నా, కిందికొచ్చేసరికి బ్రేకు లివర్ హ్యాండిల్‌కి తగిలింది. పట్టలే."

"ఏ గేర్ల దిగినవ్?"

"న్యూట్రల్ అన్నా. దిగుడే కదా, పెట్రోల్ మిగులుతదని."

పెట్రోల్ మిగలదు. బీఎస్6 బండ్లు అంటే 2020 ఏప్రిల్ తర్వాతవి చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. గేర్లో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి దిగుతుంటే ఆ ఇంజిన్‌కి పెట్రోల్ ఆగిపోతుంది, చక్రాలే దాన్ని తిప్పుతుంటాయి. న్యూట్రల్‌లో మాత్రం ఐడిల్ నడవడానికి తాగుతూనే ఉంటుంది. అంటే ఆ తమ్ముడు పెట్రోల్ తగలేసి ప్యాడ్లు కూడా తగలేశాడు. బండి బరువంతా బ్రేకు మీదే పడితే ప్యాడ్లు కాలి పైన నున్నగా గాజు పొర కడతాయి, ఇక రాపిడి ఉండదు. దానికి తోడు బ్రేక్ ఆయిల్. అది గాల్లోని తేమ పీల్చుకుంటుంది, నీరు కలిసినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే గొట్టంలో బుడగలు. లివర్ నొక్కితే బుడగ నలుగుతుంది తప్ప ఒత్తిడి ప్యాడ్ దాకా పోదు. అందుకే లివర్ హ్యాండిల్‌కి తగిలింది. ఆగి చల్లారాక మళ్లీ పట్టింది కాబట్టి వాడు నా దగ్గరికి మాటలు చెప్పడానికి వచ్చాడు. ఆ ఆయిల్ తీసి సీసాలో పోసి చూపించా, టీ డికాక్షన్ రంగులో ఉంది. కొత్తది లేత పసుపు రంగులో ఉంటుంది. రెండేళ్లకోసారి మార్చండి, పెద్ద ఖర్చు కాదు.

ఏ గేర్లో ఎక్కగలరో ఆ గేర్లోనే దిగండి. లారీ డ్రైవర్లు ఎప్పట్నుంచో పాటించే సూత్రమే ఇది. స్కూటర్లకి ఆ సౌకర్యం లేదు. గేర్లు మనం వేసేవి కావు, ఇంజిన్ పట్టు తక్కువ, దిగుడంతా బ్రేకుల మీదే. పైగా చాలావాటికి రెండు పక్కలా డ్రమ్ములు. ముగ్గురెక్కి శ్రీశైలం దిగుతున్న స్కూటర్ వెనక నేనుండను, ముందు అసలే ఉండను. స్కూటర్ మీదే వెళ్లక తప్పకపోతే మధ్యలో ఆగి ఆగి దిగండి, వేడి డ్రమ్ము మీద నీళ్లు మాత్రం పోయొద్దు.

శ్రీశైలం వెళ్లినవాళ్లలో చాలామంది వచ్చిన దారినే తిరిగొస్తారు. శిఖరం నుంచి దోర్నాల దిగే రోడ్డుని ఎవరూ పట్టించుకోరు. నా లెక్కలో అది హైదరాబాద్ వైపు ఘాట్ కంటే ఒక మెట్టు పైన. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం లోపలి రోడ్డు, దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వు అదే. ఇటు కూడా రాత్రిపూట గేట్లు మూస్తారు. మలుపు తర్వాత మలుపు, కానీ ఒకదానికొకటి లయగా వస్తాయి. ఎడమకి వాలి లేచేలోపు కుడికి. మన హైదరాబాద్ కార్లు తక్కువ. దోర్నాల నుంచి కుడికి తిరిగి ఆత్మకూరు దాకా మళ్లీ నల్లమల, అక్కడి నుంచి కర్నూలు, 44వ నంబరు హైవే పట్టుకుని ఇంటికి. ఒక రాత్రి శ్రీశైలంలో పడుకుంటే రెండు రోజుల చుట్టు. హైవే ముక్క బోరు కొట్టినా ఫరవాలేదు, అప్పటికే కడుపు నిండిపోయి ఉంటుంది. 10కి 8న్నర. పెట్రోల్ దోర్నాలలో చూసుకోండి.

అనంతగిరి సంగతి రెండు మాటల్లో. వికారాబాద్ దాకా ఎనభై కిలోమీటర్లలోపే, పొద్దున వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. దాన్ని ఘాట్ అనడం మాత్రం ఎక్కువ. నాలుగు మలుపులు తిరిగేలోపు పద్మనాభస్వామి గుడి వచ్చేస్తుంది. మూసీ పుట్టేది ఇక్కడే అని పిల్లలకి చూపించడానికి బాగుంటుంది. మలుపుల్లో బండి ఆపి రీల్స్ తీసేవాళ్లు అక్కడున్నంత మంది ఇంకెక్కడా లేరు. కొండకి 5. కానీ చేవెళ్ల దారిలో రోడ్డుకి రెండు పక్కలా గొడుగు పట్టిన వందల మర్రిచెట్లకి 9. రోడ్డు వెడల్పు పేరుతో వాటి మీదికి గొడ్డలి వచ్చి, కోర్టుల దాకా వెళ్లిన గొడవ అందరికీ తెలిసిందే. చూడాల్సింది చూసేయండి.

తిరుమలని రైడింగ్ రోడ్డుగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నేను తీసుకుంటా. ఎక్కడానికి ఒక ఘాట్, దిగడానికి ఇంకో ఘాట్. రెండూ వన్‌వే. దిగే రోడ్డు 1944లో వేసింది, మొదట అదొక్కటే ఉండేది. ఎదురుగా ఏదీ రాదు అన్న ఒక్క భరోసాతో మలుపు ఎంత సుఖంగా ఉంటుందో అక్కడే తెలుస్తుంది. రోడ్డు మీద గుంత కనపడదు. పైగా టైం లెక్క ఉంది: పైకి 28 నిమిషాలకంటే ముందు, కిందకి 40 నిమిషాలకంటే ముందు చేరకూడదని నిబంధన. తొందరపడితే జరిమానా పడే రోడ్డు మన దగ్గర అదొక్కటే అనుకుంటా. అలిపిరిలో తనిఖీ ఉంటుంది, సిగరెట్లు, మందు, మాంసం ఏవీ పైకి పోవు. రాత్రిళ్లు టూవీలర్లని వదలరు, చిరుతలున్నాయి. తిరుపతి వెళ్లొచ్చిన బండిని బ్రేకులు చూసి గుర్తుపట్టడం నావల్ల కాదు, ఓనర్ గుండు చూసి గుర్తుపట్టాల్సిందే. రోడ్డుకి 9. ఐదు వందల కిలోమీటర్లు దాటి అంత దూరం హైవే మీద పోవాలి కాబట్టి ఒకటి తీసేస్తున్నా.

ఇక ఉత్తరాంధ్ర వైపు. విశాఖపట్నం దాకా హైవే మీద బండి నడపడం నడుముకి శిక్ష. రైల్లో పార్సిల్ వేసుకోవచ్చు: ట్యాంకులో పెట్రోల్ మొత్తం తీసేయాలి, ఆర్సీ కాపీ, ఐడీ కావాలి, గోనెసంచులతో ప్యాకింగ్ చేయించాలి. లేదంటే విశాఖలో అద్దెకి తీసుకోవచ్చు. నేను అద్దెకే తీసుకున్నా. షాపు పేరు రాయను, కానీ చూసుకోవాల్సినవి రాస్తా. నంబరు ప్లేటు నలుపు మీద పసుపు అక్షరాలతో ఉండాలి, అద్దెకి ఇచ్చే బండికి అదే గుర్తు. తెల్ల ప్లేటు బండి చేతికిస్తే, దారిలో ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వాళ్లు మొహం చూడరు. నాకిచ్చిన దానికి ప్లేటు సరిగ్గానే ఉంది, వెనక టైరు మాత్రం గుండు. గాడుల్లో గోరు పెడితే అరిగిపోయిన గుర్తు గట్టు టైరుతో సమానంగా తగులుతోంది.

"వైజాగ్‌లో తిరగడానికి ఇది చాలండి," అన్నాడు కౌంటర్ దగ్గరి అబ్బాయి.

"అరకు వెళ్తున్నా బాబూ. నేనూ ఇదే పని చేసుకుని బతుకుతున్నా," అన్నాక నవ్వి ఇంకో బండి తీశాడు. దాని చైన్ వదులుగా ఉంటే నేనే బిగించుకున్నా, స్పానర్ ఇచ్చాడు, టీ కూడా తెప్పించాడు. డిపాజిట్ సాయంత్రానికే తిరిగొచ్చింది. సర్వీసుకి 7. చూసుకోకుండా సంతకం పెట్టేవాళ్లకి 3.

శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే ఘాట్ ఇంజనీరింగ్ పరంగా మర్యాదైన రోడ్డు. ఇది వికారాబాద్ అనంతగిరి కాదు, పేరొక్కటే. మలుపులు వెడల్పు, వాలు సమంగా ఉంటుంది. గాలికొండ వ్యూ పాయింట్, సుంకరిమెట్ట దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లకే ఎగబాకిన మిరియాల తీగలు. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. సుంకరిమెట్ట దగ్గర ఆగి ఒక కప్పు తాగితే ఆ గుర్తింపు ఎందుకో అర్థమవుతుంది, హైదరాబాద్‌లో కొనుక్కొచ్చిన పొడితో మా ఇంట్లో ఎంత ప్రయత్నించినా ఆ రుచి రాలేదు. ఇబ్బంది ఏంటంటే టూరిస్టు బస్సులు. బొర్రా గుహలకి తిరిగే చోట, గాలికొండ దగ్గర మలుపులోనే ఆపేస్తాయి. రోడ్డు తప్పు కాదు, కానీ మార్కులు పోతాయి. 7.

లంబసింగికి నేను 6 కంటే ఎక్కువ వేయను, తిట్టుకోండి. వెయ్యి మీటర్ల ఎత్తు, చలి, మంచు, చెరువులవేనం నుంచి కనిపించే మేఘాలు, అన్నీ నిజమే. నేను వేసేది రోడ్డుకి. నర్సీపట్నం నుంచి ఎక్కే ఘాట్‌లో మధ్యలో ముడుచుకుపోయే మలుపులు ఉన్నాయి. పైగా జనమంతా డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున చీకట్లో ఎక్కుతారు, సూర్యోదయానికి అందుకోవాలని. చీకటి, మంచు, మోసపు మలుపు, ఎదురుగా హై బీమ్. ఆ కంగారులో క్లచ్ సగం నొక్కి ఉంచే ఎక్కుతారు. అందుకే ఆ వాసన. ముందు రోజు సాయంత్రమే వెలుతురుండగా ఎక్కి పైన పడుకోండి, పొద్దున లేస్తే మేఘాలు ఎటూ పోవు. హెల్మెట్ అద్దం మంచు పడితే కొంచెం తెరిచి ఉంచండి, గ్లౌజుతో తుడిస్తే ఇంకా మసకబారుతుంది.

అన్నింటికంటే పైన నేను పెట్టేది మారేడుమిల్లి. 9న్నర. ఆ అర మార్కు ఎందుకు పోయిందో చివర్లో చెప్తా.

హైదరాబాద్ నుంచి సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం. మూడు వందల కిలోమీటర్లు దాటుతుంది. కొత్తగూడెం, పాల్వంచ దగ్గర బొగ్గు లారీలు, దుమ్ము, చొక్కా కాలర్ నల్లబడుతుంది. భద్రాచలంలో రాత్రి ఆగండి, రాములవారి దర్శనం అవుతుంది, నడుము కూడా వాలుతుంది. పొద్దున చింతూరు. అక్కడి నుంచి మారేడుమిల్లి దాకా నలభై కిలోమీటర్ల పైనే, తులసిపాక దాటాక ఘాట్ మొదలు. శ్రీశైలంలో లోయ కనిపిస్తుంది, అరకులో కొండ కనిపిస్తుంది. ఇక్కడ ఏమీ కనిపించదు, చెట్లే. పైన కొమ్మలు కలిసిపోయి రోడ్డు మీద ఎండ చిల్లర పైసల్లా పడుతుంది. మధ్యాహ్నం కూడా హెడ్‌లైట్ వేసుకునే వెళ్తాను, నాకు కనపడడానికి కాదు, ఎదుటివాడికి నేను కనపడడానికి.

మలుపులు ఒకదాని వెంట ఒకటి. తిన్నటి రోడ్డు వచ్చిందని నాలుగో గేర్ వేసేలోపు మళ్లీ రెండుకి రావాలి. కాసేపటికి గేర్ల గురించి ఆలోచించడం మానేస్తాం, కాలే చూసుకుంటుంది. మలుపులో ఎంత తిరగాలో చెట్ల మధ్య నల్లగా కనిపించే తారు చారే చెప్తుంది, రోడ్డు మీద కంటే ముందు చూపు అక్కడ ఉంచాలి. చూపు ఎటు ఉంటే బండి అటు పోతుంది. గుంతని చూస్తే గుంతలోకే పోతుంది, నా దగ్గరికి వచ్చే వంగిన రిమ్ములన్నీ అలాంటివే. ఘాట్ మొత్తం మీద ముందు బ్రేకు నేను వాడింది బస్సుల కోసం, ఒక పశువుల మంద కోసం. దిగాక డిస్కు పట్టుకుంటే చల్లగా ఉంది.

హారన్ విషయంలో సిగ్గుపడొద్దు. అడవిలో హారన్ కొట్టకూడదన్న మర్యాద నాకూ తెలుసు, కానీ కనపడని మలుపు ముందు ఒక్క చిన్న హారన్ ప్రాణం. అటునుంచి జవాబు వస్తే ఒదిగిపోవాలి.

మారేడుమిల్లిలో రోడ్డు పక్కనే బొంగులో చికెన్. వెదురు బొంగులో మసాలా పట్టించిన చికెన్ కూరి, మూతికి ఆకు బిగించి నిప్పుల మీద తిప్పుతారు. నూనె వేయరు, కోడి కొవ్వుతోనే ఉడుకుతుంది. బొంగు పైన నల్లబడి ఆవిరి కొసలోంచి బుసబుసమని వస్తుంటే అయిపోయినట్టు. ముందే చేసి పెట్టినది మళ్లీ వేడి చేసి ఇస్తారు కొందరు, అది పీచుపీచుగా ఉంటుంది. మీ కళ్ల ముందు బొంగులో కూరమనండి, ముప్పావుగంట ఆగండి. ఆ టైంలో బండి కూడా చల్లారుతుంది. చైన్ మీద మట్టి తుడిచి నూనె వేసుకోవడానికి ఇంతకంటే మంచి టైం దొరకదు. గుడిస వెళ్లాలంటే మాత్రం మీ బండి ఇక్కడే వదిలేసి జీపు మాట్లాడుకోండి. ఆ గడ్డికొండల దారి మామూలు బండికి కాదు, పైకి వెళ్లినా సస్పెన్షన్ నా దగ్గరికే వస్తుంది.

ఇక ఆ అర మార్కు. నీడ ఎక్కువ కాబట్టి వాన వెలిసిన రెండో రోజు కూడా రోడ్డు ఆరదు. మలుపు లోపలి అంచున రాలిన ఆకులు తడిసి తారుకి అంటుకుని ఉంటాయి, వాటి కింద పాచి. ఏబీఎస్ ఉంది కదా అనుకుంటారు. ఏబీఎస్ చక్రం లాక్ కాకుండా చూస్తుంది, వాలిన బండి పక్కకి జారకుండా మామూలు ఏబీఎస్ ఆపలేదు. జూలై, ఆగస్టుల్లో ఈ ఘాట్‌లో అంచు వదిలేసి లైను మధ్యలో వెళ్లండి, వేగం సగం చేయండి. నవంబరు, డిసెంబరుల్లో అయితే వానల పచ్చదనం మిగిలే ఉంటుంది, రోడ్డు ఆరి ఉంటుంది. నేను వెళ్లేది అప్పుడే. టైరు గాలి కంపెనీ చెప్పినంతే పెట్టండి, ఘాట్ కదా అని ఎక్కువ కొట్టిస్తే పట్టు తగ్గుతుంది. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, పంక్చర్ కిట్ మీతోనే ఉంచుకోండి. మధ్యలో పెట్రోల్ మీద ఆశ పెట్టుకోకుండా చింతూరులోనే ట్యాంకు నింపుకోండి. చీకటి పడేలోపు మారేడుమిల్లి దాటేలా చూసుకోండి, ఆలస్యమైతే అక్కడే గది తీసుకోండి.